మరిగే నీళ్ల తీర్పు

సముద్రం ఒడ్డున ఒక రాజ్యం. అక్కడ దండనాయకుడు భైరవయ్య చెప్పిందే న్యాయం. నింద పడ్డవాళ్లు మరిగే నీళ్లలో చెయ్యి ముంచాలి, కాలితే దోషి. ఉప్పునీళ్లు కాచి ఉప్పు తీసే అప్పన్న ధాన్యం దొంగిలించాడన్నారు. చెయ్యి కాలింది. ఆ పుండు కుళ్లి ప్రాణం పోయింది.

ఏడాది తిరక్కుండానే అదే నింద అతని భార్య నూకాలు మీద పడింది. రాజు ఎదుట కుండలో నీళ్లు కళపెళ మరుగుతున్నాయి. ఆమె రాజుకు దండం పెట్టింది.

"అమ్మవారికి ఉప్పు మొక్కుకున్నాను, ముందు ఈ కుండలో వేస్తాను దొరా."

రాజు సరేనన్నాడు. ఒడిలో ఉన్న ఉప్పంతా గుమ్మరించింది. నీళ్లు ఒక్కసారి పొంగి, మరగడం మానేశాయి. ఉప్పు కలిసిన నీళ్లు మరగాలంటే ఇంకా వేడెక్కాలని ఆమె రోజూ పొయ్యి దగ్గర చూసేదే.

"మోసం ప్రభూ! నీళ్లు చల్లార్చేసింది!" అని అరిచాడు భైరవయ్య.

"చల్లారితే తమరు చెయ్యి పెట్టి చూపించండి బాబూ. తర్వాత మళ్లీ మరిగించండి, నేను పెడతాను."

మరగని నీళ్లు కాల్చవనే ధీమాతో అతను చెయ్యి ముంచాడు. కెవ్వుమని వెనక్కి లాక్కున్నాడు. వేళ్లన్నీ బొబ్బలెక్కాయి.

"ఈ బాబు ఏం దొంగిలించారు ప్రభూ?" అని అడిగింది నూకాలు.

రాజు ఆ కుండ పగలగొట్టించి, ఏం కావాలో కోరుకోమన్నాడు.

"మా ఆయన దొంగ కాదని దండోరా వేయించండి" అందామె. "వల్లకాటి దగ్గర కాస్త గట్టిగా."