నూకాలు తట్ట దించిన బండ

అనగనగా సముద్రానికీ సంతకీ మధ్య ఒక ఊరుందటే పద్దూ. కాళ్ళు చాపుకుని పడుకో, చెబుతాను. ఆ ఊళ్ళో బోడెయ్య అని రాళ్ళు కొట్టేవాడు ఒకడుండేవాడు. రాతిమీద అక్షరాలు చెక్కడంలో వాడంతటివాడు లేడు. చదవడం మాత్రం రాదు. ఎవరైనా బొగ్గుతో గీసిస్తే ఆ గీతల వెంట ఉలి నడిపించేవాడు, అంతే. నవ్వకు. మీ అమ్మమ్మ మాత్రం? పంచాంగం తలకిందులుగా పట్టుకుని, ముహూర్తాలు చెబుతూ, పదేళ్ళు ఈ వీధిలో పెద్దమనిషిగా చలామణీ అయింది.

వాడి పెళ్ళాం నూకాలు. ఉప్పు మోసేది. పొద్దున్నే ఉప్పుమళ్ళ దగ్గర తట్ట నెత్తికెత్తుకుంటే నాలుగు కోసుల అవతల సంతలోనే దించడం. మధ్యలో దించకూడదా అంటావేమో. దించచ్చు. మళ్ళీ ఎత్తడానికి ఇంకో మనిషి కావాలి కదా! అందుకని ఉప్పు మోసే ఆడవాళ్ళు దాహమేసినా, మెడ పీక్కుపోతున్నా నడుస్తూనే ఉండేవాళ్ళు. పైగా నూకాలుకి అప్పుడు ఏడో నెల.

ఒకనాడు ఊరి పెద్దకాపు బోడెయ్యకి కబురుపెట్టాడు. పక్కూరివాళ్ళు వాళ్ళ పొలిమేరలో "ధర్మం" అని చెక్కిన రాయి పాతారట. అది విన్నప్పటి నుంచి ఆయనకి అన్నం సయించడం లేదు.

"ఒరే బోడెయ్యా, ఊరి మొదట్లో వాళ్ళదానికంటే పెద్ద బండ నిలబెట్టాలి. పైన ధర్మం అని చెక్కు. కింద దాని అర్థం చెక్కు. ఆ చవటలు అర్థం రాయలేదట."

"అర్థం ఏంటి బాబూ?"

"నాకు తెలిస్తే నిన్నెందుకు పిలుస్తానురా? కనుక్కో. పున్నమి నాటికి అవ్వాలి. కాకపోతే నువ్వు రాళ్ళు కొట్టుకునే ఆ రాతిగుట్ట ఇంకొకడికి ఇచ్చేస్తాను. నువ్వు నీ పెళ్ళాన్ని తీసుకుని వేరే ఊరు చూసుకో."

బోడెయ్య నెలలు నిండబోతున్న మనిషిని తీసుకుని ఎక్కడికి పోతాడు? గబగబా గుట్టకి వెళ్ళి దూలం లాంటి పొడుగాటి బండ ఒకటి తీశాడు. నలుగురి సాయం పట్టి దాన్ని దారి పక్కన రెండు గుండ్ల మీద అడ్డంగా ఎక్కించాడు. ఎందుకంటే వంగి చెక్కితే వాడికి నడుం పట్టేస్తుంది. నిలబడి, కళ్ళకి ఎదురుగా పెట్టుకుని చెక్కడం వాడి అలవాటు. ఊళ్ళో వేదం చదివిన సోమయాజిగారు బొగ్గుతో "ధర్మం" అని గీసిచ్చారు. వాడు అందంగా చెక్కాడు. కింద సగం ఖాళీగా ఉంచాడు.

అప్పుడు అర్థం అడగడానికి సోమయాజిగారి ఇంటికి బయలుదేరాడు. ఎదురుగా నూకాలు ఉప్పుతట్టతో వస్తోంది.

"మావా, కాస్త చెయ్యి వెయ్యి. తట్ట దించుకుని గుక్కెడు నీళ్ళు తాగుతాను."

"ఉండవే, ధర్మం అంటే ఏంటో కనుక్కుని ఇప్పుడే వస్తాను," అని వాడు వెళ్ళిపోయాడు.

సోమయాజిగారు అరుగుమీద దర్భలు ఏరుకుంటున్నారు. "ధరించేది, అంటే మోసేది కాబట్టి ధర్మం అన్నారురా. ఇంటికి దూలం ఎలాగో లోకానికి అది అలాగ. ఎవరు మొయ్యాల్సింది వాళ్ళు మోస్తే ఇల్లు నిలబడుతుంది," అన్నారు.

బోడెయ్య పెద్దకాపు దగ్గరికి పరిగెత్తి ఆ మాట చెప్పాడు. ఆయన గడ్డం గోక్కున్నాడు. "బాగానే ఉంది. కానీ అది ఆయన మాట. మన ఊళ్ళో జైనులున్నారు, బౌద్ధులున్నారు. రేపు వాళ్ళొచ్చి మా అర్థం ఏదీ అంటే? వాళ్ళనీ అడుగు."

మర్నాడు బోడెయ్య జైన సన్యాసినమ్మ దగ్గరికి బయలుదేరాడు. మళ్ళీ నూకాలు ఎదురైంది. మొహమంతా చెమట.

"మావా, ఒక్కసారి చెయ్యి వెయ్యి."

"ధర్మం పని మీద వెళ్తుంటే అడ్డం రాకూడదే," అన్నాడు, వేదాంతం అంతా వాడి జేబులో ఉన్నట్టు. నూకాలు పక్కకి తప్పుకుంది.

సన్యాసినమ్మ నెమలి పింఛంతో చీమల్ని దెబ్బ తగలకుండా పక్కకి తోస్తూ నడుస్తోంది. వాడు అడిగితే ఆగింది. "మంచి నడతని మేమూ ధర్మమే అంటాం నాయనా. అది కాక ఇంకోటుంది. నీళ్ళు చేపని తొయ్యవు. కానీ నీళ్ళు లేకపోతే చేప కదల్లేదు. అలా కదిలేవాళ్ళని కదలనిచ్చేదాన్ని కూడా మేం ధర్మం అంటాం."

దూలం ఒకటి, నీళ్ళొకటి. బోడెయ్య బుర్ర రుబ్బురోలయింది.

మూడోనాడు బౌద్ధ భిక్షువు దగ్గరికి బయలుదేరాడు. నూకాలు ఎదురొచ్చింది. ఈసారి ఆమె అడగలేదు. వాడి వంక ఒక్కసారి చూసి ముందుకి నడిచింది. గొడవ లేకుండా పోయిందనుకున్నాడు వాడు. మొగాడి తెలివి అంతే మరి. మీ తాతయ్యని చూడలేదూ?

భిక్షువు చేతిలో భిక్షాపాత్ర, మొహంలో నవ్వు. "బుద్ధుడు చెప్పిన బాటే మాకు ధర్మం. అది తెప్ప లాంటిది నాయనా. ఏరు దాటడానికి పనికొస్తుంది. దాటాక కూడా తెప్పని నెత్తిన పెట్టుకుని తిరిగేవాడికి మెడనొప్పి మిగులుతుంది."

మెడనొప్పి అన్న మాట మాత్రం బోడెయ్యకి ఎక్కడో గుచ్చుకుంది. ఎక్కడో తెలియలేదు. తల గోక్కుంటూ తిరిగి వచ్చాడు. వచ్చేసరికి బండ దగ్గర నూకాలు నిలబడి ఉంది.

తట్ట ఆమె నెత్తిమీద లేదు. బండ మీద ఉంది. వాడి కళ్ళ ఎత్తున్న బండ సరిగ్గా ఆమె నడినెత్తి ఎత్తు. వంగక్కర్లేదు, ఒకళ్ళని పిలవక్కర్లేదు. తల కాస్త వంచి తట్టని అలా జరిపేసింది. రెండు చేతులూ పొట్టమీద వేసుకుని, కళ్ళు మూసుకుని, "అమ్మయ్య" అంది.

బోడెయ్య అక్కడే నిలబడిపోయాడు.

"ఎన్నాళ్ళనుంచే ఇలా?"

"నువ్వు అడ్డం రాకూడదే అన్న రోజునుంచి," అంది నూకాలు కళ్ళు తెరవకుండానే. "నీకంటే నీ బండ నయం మావా. ఉండవే అనదు. అదే ఉంటుంది."

ఆ తర్వాత నీళ్ళు తాగింది. తల తట్ట కిందికి పెట్టి మళ్ళీ తనే ఎత్తుకుంది. సంతకి వెళ్ళిపోయింది. ఆ రోజంతా బోడెయ్య ఉలి పట్టుకోలేదు.

పున్నమి వచ్చింది. పొద్దున్నే ఊరంతా పోగైంది. పెద్దకాపు కొత్త పంచె కట్టుకుని వచ్చి బండని చూసి మండిపడ్డాడు.

"నిలబెట్టమంటే పడుకోబెట్టావేంట్రా? కింద అర్థమేదీ?"

"పడుకునే ఉండాలి బాబూ. నిలబెడితే దీనిమీద తట్ట ఆగదు," అన్నాడు బోడెయ్య. "నన్ను ఊళ్ళోంచి పొమ్మంటే పోతాను. బండని మాత్రం ఇలాగే ఉండనియ్యండి."

సోమయాజిగారు బండని నిమిరి, "మోస్తోంది కదా. మా మాటే," అన్నారు. భిక్షువు, "దించుకుని వెళ్ళిపోవచ్చు కదా. మా మాటే," అన్నాడు. సన్యాసినమ్మ మాత్రం ఫక్కున నవ్వి, "మా లెక్కలో దీని పేరు అధర్మం," అంది.

పెద్దకాపు మొహం ఎర్రబడింది. "అధర్మమా!"

"కంగారుపడకు నాయనా. కదిలేవాళ్ళకి సాయమైతే ధర్మం. బాటసారికి నీడలా, ఆగేవాళ్ళకి సాయమైతే మేం అధర్మం అంటాం. ఆ మాటలో పాపం లేదు. ఆగకుండా ఎవరు నడవగలరు?"

"ఇన్ని అర్థాలుంటే నేనేది చెక్కించనమ్మా?" అని పెద్దకాపు దిగాలుగా అడిగాడు.

అప్పుడు నూకాలు ఉప్పుతట్టతో ముందుకొచ్చింది. "దొరా, ఈ తట్ట ఆ తుమ్మచెట్టు దాకా మోసుకెళ్ళి తీసుకురండి. అర్థం మీకే తెలుస్తుంది."

జనం నోళ్ళు నొక్కుకున్నారు. అందరి ముందూ కాదంటే పరువు పోతుందని ఆయన ఎత్తించుకున్నాడు. వెళ్ళేటప్పుడు మీసం మెలేశాడు. సగం దూరంలో మీసం వదిలేసి రెండు చేతులతో తట్ట పట్టుకున్నాడు. తిరిగొచ్చేటప్పుడు మెడ భుజాల్లోకి దిగిపోయింది, ఉప్పునీళ్ళు కళ్ళల్లోకి కారుతున్నాయి. బండ దగ్గరికి వచ్చి, మోకాళ్ళు కాస్త వంచి, తట్టని అలా జరిపేసి, ఊరందరికీ వినబడేలా అన్నాడు.

"అమ్మయ్య!"

సోమయాజిగారు బొగ్గుముక్క తీసుకుని, ధర్మం కింద ఖాళీగా ఉన్నచోట ఆ మాటే గీశారు. బోడెయ్య చెక్కాడు. పెద్దకాపు మెడ రుద్దుకుంటూ ఇంటిదారి పట్టాడు. రాతిగుట్ట మాట మళ్ళీ ఎత్తలేదు. బోడెయ్య అంతటితో ఆగలేదు. కోసుకొకటి చొప్పున ఇంకో మూడు బండలు పెట్టాడు. ప్రతిదానికీ ముందు నూకాలుని పక్కన నిలబెట్టి, దారంతో ఎత్తు కొలిచాడు. ఆ తర్వాత ఎప్పుడైనా ఆమె చెయ్యి వెయ్యమంటే, చేతిలో ఉలి అక్కడే పడేసి పరిగెత్తేవాడు.

చూశావా, నీ కళ్ళు మూతలు పడుతున్నాయి. రోజంతా మోసిన అల్లరి దించెయ్యి ఇక.

కథేమో కంచికి,
ఉప్పేమో సంతకి,
తట్టేమో బండకి,
మనమేమో ఇంటికి,
నీ తలేమో నా ఒడికి.

అమ్మయ్య.