రిమ్ము మీది అంకె

మార్కండేయ దాసు గారిని ఎవరైనా ప్రశ్న అడిగితే వెంటనే ఏదో ఒక పని చెబుతారు. జవాబు ఆ పనిలోనే ఎక్కడో ఉంటుందని ఆయన నమ్మకం. పని తప్పించుకోవాలంటే ప్రశ్నలు మానుకోవాలని శిష్యుల నమ్మకం. హరికథ నేర్చుకోవడానికి ఆరేళ్ల కిందట మండపేటలో ఆయన ఇంటికి చేరిన గంగాధరం ఈ కిటుకు మొదటి నెలలోనే కనిపెట్టి, ఇన్నాళ్లూ నోరు మెదపకుండా సుఖంగా గడుపుకొచ్చాడు.

ఇప్పుడు మాత్రం అడగక తప్పలేదు. రామచంద్రపురంలో అతను ఒంటరిగా చెప్పబోయే మొట్టమొదటి కథకి ఇంకా పన్నెండు రోజులే ఉన్నాయి. గురువు గారిది ఐదు శ్రుతి. ఆయన గురువు పేరయ్య దాసు గారిదీ ఐదే. మైకులు లేని రోజుల్లో పందిరి చివర కూచున్నవాళ్లకి కూడా ప్రతి అక్షరం వినబడేదట. ఆ ఎత్తున పాడబోతే గంగాధరం గొంతు రెండో పద్యానికి జీరబోతోంది, మూడో పద్యానికి చీలిపోతోంది. పాపం, మిరియాల కషాయం తాగాడు, కరక్కాయ బుగ్గన పెట్టుకున్నాడు. గురువు గారు కూడా రోజూ పొద్దున్నే ఆ కషాయం తాగేవారే. కథ చెప్పిన మర్నాడల్లా ఆయన సైగలతోనే మాట్లాడేవారు, శిష్యులు దాన్ని మౌనవ్రతం అనుకుని భక్తిగా చూసేవారు. బోరింగు దగ్గర నీళ్లు పోసుకుంటూ రెండున్నర శ్రుతిలో పాడుకుంటే మాత్రం గంగాధరం గొంతు హాయిగా సాగేది. అలా పాడిన ప్రతిసారీ దొంగతనం చేసినవాడిలా అటూ ఇటూ చూసుకునేవాడు. రామచంద్రపురంలో గొంతు చీలిందా, గజ్జెలు గురువు గారి పాదాల దగ్గర పెట్టేసి బావ విత్తనాల కొట్లో కూచోవాలని తీర్మానించుకున్నాడు. ఆ మాట తలుచుకుంటే ఏడుపొచ్చేది.

ఓ ఉదయం ధైర్యం చేసి అడిగేశాడు.

"గురువు గారూ, మీ శ్రుతిలో పాడితే గొంతు నిలబడట్లేదండి. దించి పాడదామంటే మీ శిష్యుణ్ని కాకుండా పోతానేమోనని భయంగా ఉందండి. ఏం చెయ్యమంటారు?"

దాసు గారు కషాయం గ్లాసు కింద పెట్టి, బండి వెనక టైరు నున్నగా అరిగిపోయింది, సరైన సైజు చూసి కొత్తది పట్టుకురమ్మన్నారు.

ఆ బండి సంగతి చెప్పాలి. అది పేరయ్య దాసు గారు కొన్న మోటారు సైకిలు. చిరతలూ గజ్జెలూ పెట్టుకోవడానికి పక్కన రేకుపెట్టె, తాత తుమ్మినట్టు స్టార్టయ్యే ఇంజనూ దాని ఆస్తి. గుంటలో పడితే వెనక నుంచి చర్రుమని ఓ చప్పుడు చేస్తుంది. ఆ చప్పుడు వింటే చాలు, ఊళ్లో వాళ్లు దాసు గారొచ్చారని పందిట్లోకి బయల్దేరేవారు. ఇంట్లో గురుపత్ని కామేశ్వరమ్మ గారు ఆ చప్పుడు విన్నాకే కంచం వాల్చేవారు.

గంగాధరం టైరు పక్కన గొంతుక్కూచుని, మట్టి తుడిచి, సుద్దముక్కతో రుద్దితే అక్షరాలు తేలాయి. వెడల్పు నాలుగంగుళాలు, చక్రం పందొమ్మిది. కాగితం మీద రాసుకుని రాజమండ్రి బస్సెక్కాడు. మొదటి కొట్టు ఆయన కాగితం చూసి, ఇది ఏ బండికని అడిగి, రిమ్ము మీద ఏముందో చూశావా అన్నాడు. పాత టైరు మీద ఇంత స్పష్టంగా ఉంటే రిమ్మెందుకండీ అని గంగాధరం కాస్త బిరుసుగానే అనేసి వచ్చేశాడు. ఆ సైజు కోసం నాలుగు కొట్లు తిరిగి, చివరికి సాధించి, టైరుని పెళ్లికొడుకు దండలా మెళ్లో వేసుకుని బస్సులో నిలబడి వచ్చాడు. మెకానిక్ లోవరాజు ఆ పూటే బిగించాడు.

గురువు గారిని వెనక కూచోబెట్టుకుని గంగాధరం దర్జాగా బయల్దేరాడు. కాలవ వంతెన ఎక్కేచోట గుంట ఉంది. అందులో పడేసరికి ఈసారి చర్రు కాదు, బర్రుమంది. రబ్బరు కాలిన కంపు కొట్టింది, చక్రం పట్టేసింది, బండి వంతెన మీద అడ్డంగా ఆగింది. అరటిగెలల సైకిలు మీద పోతున్న పెద్దమనిషి దిగి, దాసు గారూ, బండి కూడా కథ మొదలెట్టిందేవిటండీ అని పరామర్శించి వెళ్లాడు. గంగాధరానికి తల కొట్టేసినట్టయింది. ఎండలో తోసుకుంటూ వెనక్కి వచ్చారు.

లోవరాజు మడ్‌గార్డు కిందకి చెయ్యి పోనిచ్చి, గంగాధరాన్ని కూడా తడిమి చూడమన్నాడు. లోపల ఓ చార మేర రేకు అద్దంలా నున్నగా అరిగి ఉంది. అది ఒక్కరోజు అరుగుడు కాదు. పాత టైరు అరిగి చిన్నదైంది కాబట్టి చర్రుతో సరిపెట్టుకుంది, కొత్తది నిండుగా ఉండి, ఇద్దరి బరువుకి ఏకంగా పట్టేసింది.

"అయితే ఆ చప్పుడు బండిది కాదా?" అన్నాడు గంగాధరం.

"బండికేం జబ్బండి బాబూ, టైరుదే అదంతా," అన్నాడు లోవరాజు.

చక్రం విప్పి, టైరు ఊడదీసి, లోపలి రబ్బరు పట్టీ లాగి, కిరసనాయిలు గుడ్డతో తుప్పు తుడిస్తే రిమ్ము మీద చెక్కిన అంకె బయటపడింది. ఆ వెడల్పు రిమ్ముకి మూడుంబావు అంగుళాల టైరే సరి, నాలుగు ఎక్కిస్తే నొక్కుకుపోయి పైకి లేచి రేకుకి రాస్తుందని లోవరాజు తేల్చాడు.

అప్పుడు దాసు గారు స్టూలు మీద కూచుని ఓ పాత సంగతి చెప్పారు. ఓసారి యానాం దారిలో పేరయ్య దాసు గారి టైరు పగిలిందట. పందిట్లో జనం కూచుని ఉన్నారు, వేళ మించిపోతోంది. దొరికిన టైరేదో తగిలించుకుని వెళ్లి కథ చెప్పారు. అది అరిగాక దాని మీది అంకె చూసే ఇంకోటి కొన్నారు. బండి తన చేతికొచ్చాక తానూ అలాగే కొన్నానన్నారు. రిమ్ము సంగతి ఆయనకి ముందే తెలుసో, అప్పుడే తెలిసిందో ఆ మొహం చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు.

మర్నాడు గంగాధరం తలొంచుకుని మొదటి కొట్టుకే వెళ్లి సరైన టైరు పట్టుకొచ్చాడు. ఆ మూడుంబావు టైరు అక్కడే, గుమ్మం పక్కనే వేలాడుతోంది. సాయంత్రం ఇద్దరూ ఎక్కి వెళితే వంతెన గుంటలో కిక్కురుమనలేదు. మలుపులో బండి ఎంత తేలిగ్గా ఒదిగిందంటే గంగాధరానికి నవ్వొచ్చింది, ఊరికే ఇంకో చుట్టు తిప్పుకొచ్చాడు. ఇంటికొచ్చేసరికి కంచాలు వాల్చలేదు. చప్పుడు చెయ్యకుండా వస్తే నాకెలా తెలుస్తుందని కామేశ్వరమ్మ గారు ఇద్దరినీ కలిపి కోప్పడ్డారు.

భోజనాలయ్యాక సాధనకి కూచున్నారు. గంగాధరం అలవాటుగా శ్రుతిపెట్టె ఐదుకి పెట్టబోయాడు. చెయ్యి రెండున్నర వైపు జరిగి, మళ్లీ ఆగింది. గురువు గారి కేసి చూసి, బెరుగ్గా, "కానీ ఐదు శ్రుతి మీది కదండీ," అన్నాడు.

దాసు గారు చల్లారిన కషాయం గ్లాసు పక్కకి జరిపి, శ్రుతిపెట్టెని అతని వైపు తోశారు.

"అదీ నాకు ఈ బండితోపాటే వచ్చింది నాయనా."