విశ్వాసం వంతు

ఏ రాజు ఏలిన కాలమో గానీ, సముద్రపు ఒడ్డున ఒక తాటాకుల చర్చి ఉండేది. పాదిరిగారు ఎప్పుడో గానీ రారు కాబట్టి ఆదివారం బైబిలు వాక్యం సంఘంలోని వాళ్లే వంతులవారీగా చెప్పుకునేవారు. విశ్వాసం గురించి చెప్పే వంతు మాత్రం సంఘపెద్ద జెకర్యా ఎవరికీ ఇచ్చేవాడు కాదు. తుఫానులో తప్పిపోయిన తన పడవ ప్రార్థనతో ఎలా తిరిగొచ్చిందో ప్రతిసారీ మొదట్నుంచీ చెప్పేవాడు.

అదే తుఫానులో చిక్కుకున్న తీతు పడవ ఇంకా రాలేదు. వలలు అల్లుకుని బతికే అతని భార్య సలోమి ఒక ఆదివారం లేచి నిలబడింది.

"ఈసారి విశ్వాసం వంతు నాకివ్వండి పెద్దయ్యా."

"ప్రార్థన ఫలించినవాళ్లు చెప్పాల్సిన మాటమ్మా అది. నీ మొగుడు రానేలేదు, నువ్వేం చెబుతావు?" అన్నాడు జెకర్యా.

"మీ పడవ రాకముందు మీ దగ్గర ఏముంది పెద్దయ్యా?"

"విశ్వాసం."

"వచ్చాక?"

"కృతజ్ఞత" అన్నాడు గర్వంగా.

"అయితే కృతజ్ఞతల ఆదివారం మీరే చెప్పండి. పడవ ఒడ్డున కట్టేసుకున్నాక ఇక విశ్వాసంతో మీకు పనేముంది? అది ఇంకా ఎదురుచూసేవాళ్లది."

జెకర్యా చుట్టూ చూశాడు. అందరి చూపులూ సలోమి మీదే ఉన్నాయి. బైబిలు మూసుకుని వెళ్లి చాప మీద కూర్చున్నాడు.

సలోమి ముందుకొచ్చి అందరి వైపూ తిరిగింది.

"నేను చెప్పేది ఎక్కువేం లేదు" అంది. "ఇంటికి తాళం వేయకుండా వచ్చాను. నేనిక్కడ ఉండగా ఆయన వస్తే, బయట నిలబడిపోకూడదు కదా."