యాభైకి నలభై ఆరు

ఓదెలు సారును ఏదైనా అడిగితే ఆయన మన మొహం చూడడు. చేతికి అందేంత దూరంలో ఏముందో చూస్తాడు. చెంబో, చెప్పో, గోడకు ఆనించిన కర్రో. దాన్ని మన చేతిలో పెట్టి ఏదో పని చెబుతాడు. ఆ పని అయ్యేసరికి మనం అడిగిన ప్రశ్న మనకే కొత్తగా కనబడుతుంది. నలభై ఏళ్లుగా ఆయన దగ్గర కూర్చుంటున్నాను. నా ప్రశ్న ఒక్కదానికీ తిన్నగా జవాబు చెప్పిన పాపాన పోలేదు.

ఆయన ఒకప్పుడు బొగ్గుబాయిలో సర్దారు. కూలీలు లోపలికి పోకముందు పైబండను కర్రతో తట్టి చూసి, పోవచ్చో లేదో చెప్పే మనిషి. తర్వాత మా యూనియన్‌లో కార్మికులకు అక్షరాలు నేర్పాడు, సభలో నిలబడి మాట్లాడడం నేర్పాడు. భూలక్ష్మి ఆయన ఆఖరి శిష్యురాలు. కాలనీ కేబుల్ చానెల్‌లో వార్తలు చదువుతుంది. తండ్రి బాయిలోనే పోయాడు. తమ్ముడు నరేశ్ ఇప్పుడు అదే బాయిలో, మూడో డిస్ట్రిక్టు అనే భాగంలో, పైబండ కింద ఆసరాగా కర్ర దిమ్మెలు నిలబెట్టే పని చేస్తున్నాడు.

ఒక మధ్యాహ్నం ఆ పిల్ల మార్కుల కాగితం పట్టుకొని సారు వరండాలోకి వచ్చింది.

"సారూ, ఇద్దరిల ఎవలు మంచిగ మాట్లాడిండ్రో తేల్చాలంటే ఎట్ల?"

సంగతి ఇది. యూనియన్ అధ్యక్షుడి ఎన్నికకు మా తరఫున ఎవరు నిలబడాలో ఇన్నేళ్లూ నలుగురు పెద్దలు తలుపు మూసుకొని తేల్చేవారు. ఈసారి మావాళ్లకు ప్రజాస్వామ్యం పొంగుకొచ్చింది. పోటీలో మిగిలిన ఇద్దరినీ ముందురోజు సాయంత్రం క్లబ్బు హాల్లో వేదిక ఎక్కించారు. ప్రశ్నకు రెండు నిమిషాలు. నిమిషాలు అయిపోతే గంట. మార్కులు వెయ్యడానికి ముగ్గురు: కాలేజీ లెక్చరర్ ఒకరు, క్లబ్బు పాత కార్యదర్శి ఒకరు, టీవీలో కనబడే మొహం కాబట్టి భూలక్ష్మి. మార్కులు ఎక్కువ వచ్చినవాడు నిలబడతాడు. ఎదుటి యూనియన్‌కు బలం లేదు గనుక నిలబడినవాడు గెలిచినట్టే.

గెలిచినవాడు చెయ్యాల్సిన మొదటి పని అందరికీ తెలుసు. మూడో డిస్ట్రిక్టులో పైబండకు ఆసరాగా వదిలిన బొగ్గు స్తంభాలను తీసెయ్యాలని కంపెనీ చూస్తోంది. యూనియన్ ఒప్పుకోనిదే ఆ పని మొదలుకాదు. ఒప్పుకుంటే ఆ బండ కింద నిలబడేవాళ్లలో నరేశ్ ఒకడు.

హాల్లో ఇద్దరినీ అదే అడిగారు. వేణుమాధవ్ లేచి తెల్ల చొక్కా చేతులు మడిచాడు. "ఆ బండ కదలాలంటే ముందు నా గుండె మీదికెల్లి కదలాలె" అన్నాడు. ఇంకా చాలా అన్నాడు, సరిగ్గా గంట కొట్టే క్షణానికి ముగించాడు. హాలు ఊగిపోయింది. మొగిలి లేచి మైకు సరిచేసుకున్నాడు. నీళ్లు తాగాడు. మంగళవారం ఒకసారి, గురువారం ఒకసారి లోపలికి పోయి వచ్చానన్నాడు. రెండు చోట్ల బండ బాగాలేదన్నాడు. పని చూసే అధికారి ఓవర్‌మన్‌కు చెబితే వినలేదన్నాడు. ఇక ముందు ఏం చెయ్యాలో తనకూ పూర్తిగా తెలియదని, అక్కడ పని చేసేవాళ్లను కూర్చోబెట్టుకొని అడగాలని అంటుండగా గంట కొట్టింది. మనిషి అక్కడే నోరు తెరుచుకొని నిలబడిపోయాడు. వెనక నుంచి ఎవడో, "నీళ్లు తాగనీకె వచ్చినవా అన్నా?" అన్నాడు. అందరం నవ్వాం.

భూలక్ష్మి వేణుమాధవ్‌కు యాభైకి నలభై ఆరు వేసింది. మొగిలికి పంతొమ్మిది. మరి ఇంకేం తేల్చాలని వచ్చావని నేనడిగితే తమ్ముడి సంగతి చెప్పింది. హాలంతా చప్పట్లు కొడుతుంటే తమ్ముడొక్కడే చేతులు ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాడట. ఇంటికొచ్చాక అడిగితే, అన్నం పెట్టు అక్కా అన్నాడట. కాగితం ఆరింటిలోపు ఆఫీసులో ఇవ్వాలి.

సారు మూలనున్న కర్ర తీసి ఆమె చేతికిచ్చాడు. స్టూలు ఎక్కి వరండా పైకప్పును తట్టమన్నాడు. ఆమె తట్టింది. ఖంగుమంది.

"మార్కులు వెయ్యి" అన్నాడు సారు.

"పదికి తొమ్మిది సారూ. ఇంకొకలదైతే ఎనిమిదే" అని నవ్వింది.

"ఇప్పుడు ఎడమ చెయ్యి కప్పుకు ఆనియ్యి. ఆనిచ్చి కొట్టు."

ఆమె అలాగే చేసింది. నవ్వు ఆగిపోయింది. మళ్లీ కొట్టింది. వేళ్ల కింద కప్పు జుమ్ముమంటోందని, తీగె మీటినట్టు వణుకుతోందని చెప్పింది. గోడకూ కప్పుకూ మధ్య వెంట్రుకంత పగులు పొడుగునా ఉంది. కింద కుర్చీలో కూర్చున్నది నేను. రెండేళ్లుగా అదే చోట కూర్చొని చాయ్ తాగుతున్నాను. కుర్చీ ఈడ్చుకొని వాకిట్లోకి పోయాను.

సారు మమ్మల్ని కాకుండా కర్రను చూస్తూ మాట్లాడాడు. పలచటి బండ విడిపోతే డొల్లగా మోగి దొరికిపోతుంది. దాన్ని చూసి భయపడే పనిలేదు. దొడ్డు బండ విడిపోయినా ఖంగుమనే మోగుతుంది, గట్టిదానికంటే బాగా మోగుతుంది. దాని సంగతి చెవికి తెలియదు, ఆనించిన చేతికి తెలుస్తుంది. అందుకే ఒక చేత్తో కొట్టాలి, ఇంకో చెయ్యి బండకు పెట్టాలి. సర్దారుకు మొదటి రోజు నేర్పేది అదే. ఆ రోజుల్లో బాయి మొత్తంలో ఓదెలు చెవిని మించిన చెవి లేదని పేరు. వేరే షిఫ్టువాళ్లు కూడా వచ్చి పిలుచుకుపోయేవారు. పేరు వచ్చాక చెయ్యి పెట్టడం మానేశాడు. ఒకనాడు తట్టి, విని, పోండ్రి అన్నాడు. పోశం, దుర్గయ్య పోయారు.

వాళ్లను బయటికి మోసిన నలుగురిలో నేనొకణ్ణి. అంతవరకు ఆయన ఆ మాట నాతో ఎప్పుడూ అనలేదు. నేనూ అడగలేదు.

"అంటే మొగిలన్నకు వెయ్యుమంటరా సారూ?" అంది భూలక్ష్మి.

"మొగిలి మంచోడని నేనెప్పుడన్న? వాడు గూడ మాటనే చెప్పిండు. నువ్వు విన్నవు. అంతే గద."

ఆమె స్టూలు దిగింది. మొదటి షిఫ్టు నాలుగింటికి అయిపోతుంది. కాగితం మడిచి జాకెట్లో పెట్టుకొని బాయి గేటుకు పోయింది.

అక్కడ జరిగింది ఆమె తర్వాత చెప్పింది. మసిమొహంతో బయటికొచ్చిన తమ్ముణ్ణి పట్టుకొని అడిగింది. మొగిలన్న వచ్చిన మాట నిజమేనన్నాడు. రెండుసార్లూ చెయ్యి ఆనించి చూశాడని, రెండోసారి నరేశ్ చెయ్యి పట్టుకొని తానే బండకు పెట్టించి, ఏమనిపిస్తుంది తమ్మీ అని అడిగాడని చెప్పాడు. వేణుమాధవ్ కూడా వచ్చాడు. టోపీ పెట్టుకొని బాయి మూతి దగ్గర ఫోటో దిగి పోయాడు. ఈ సంగతి హాల్లో ఎందుకు చెప్పలేదురా అంటే, నన్నెవరు అడిగారు అన్నాడు.

ఆమె ఆఫీసుకు పరుగెత్తింది. గీతలు కొట్టి కొత్త మార్కులు వేస్తానంది. అక్కడ కాగితాలు తీసుకుంటున్న ఆ క్లబ్బు పాత కార్యదర్శి మర్యాదగానే ఒప్పుకున్నాడు. కాగితం మీద ఐదు గడులున్నాయి: గొంతు, సమయపాలన, ఎదుటివాడికి జవాబు, నిబ్బరం, సభ స్పందన. బాయిలోకి దిగి చూసినందుకు ఏ గడిలో వేస్తావమ్మా అని అడిగాడు. ఆమె నాలుగు గడుల్లో మొగిలికి పదికి పది వేసింది. వేణుమాధవ్‌కు రెండు, మూడు వేసింది. ఐదో గడి దగ్గర ఆయన ఆమె కలం పట్టుకొని ఆపాడు.

"ఆ గడిల నువ్వు ఏసేది లేదమ్మా. చప్పట్లు లెక్కవెట్టి హాలే ఏసింది. ముగ్గురి కాగితాలల్ల ఒక్కటే లెక్క."

వేణుమాధవ్‌కు పది. మొగిలికి ఒకటి.

ముగ్గురివీ కూడితే మొదటి నాలుగు గడుల్లో మొగిలి పైన ఉన్నాడు. ఐదో గడితో వేణుమాధవ్ పైకి వచ్చాడు. ఎన్నికలో గెలిచాడు. మూడు నెలలకు స్తంభాలు తియ్యడానికి సంతకం పెట్టాడు. కొన్ని షరతులతో పెట్టానని గేటు మీటింగులో చెప్పాడు. ఆ షరతులు కూడా వినసొంపుగానే ఉన్నాయి.

బండ ఒక సోమవారం మొదటి షిఫ్టులో దిగింది. అక్క చెప్పినప్పటి నుంచి నరేశ్ చెయ్యి ఆనించనిదే దిమ్మె నిలబెట్టేవాడు కాదు. ఆ రోజు కూడా ఎడమ చెయ్యి పైన పెట్టి ఉన్నాడు. వేళ్లకు వణుకు తగలగానే అరిచాడు. ముందున్న ఇద్దరినీ బయటికి తోశాడు. వాళ్లను తోసినవాడి కుడికాలు లోపల ఉండిపోయింది. మోకాలి కిందికి తీసేశారు. వాడికి ఇరవై మూడేళ్లు.

వేణుమాధవ్ ఆస్పత్రి గేటు దగ్గర మాట్లాడాడు. ఆ కాలు నరేశ్‌ది కాదు, యూనియన్‌ది అన్నాడు. రెండు నిమిషాలే మాట్లాడాడు. గొంతు ఎక్కడ వణకాలో అక్కడే వణికింది.

అక్కణ్ణుంచి భూలక్ష్మీ నేనూ సారు ఇంటికి పోయాం. వరండా కప్పును ఆయన ఎప్పుడో కొట్టించేశాడు. ఎండలోనే కూర్చున్నాం. నాకు ఆగలేదు. లెక్చరర్‌ను తిట్టాను. కలం పట్టుకున్న కార్యదర్శిని తిట్టాను. గుండె మీద నుంచి బండ కదలాలన్నవాడి గుండె ఎక్కడుందో చూపించమన్నాను. మనుషుల ప్రాణాలకు గొంతును బట్టి మార్కులు వేసిన ఆ కాగితాన్ని తగలబెట్టాలన్నాను. ముప్పై ఏళ్లు సమ్మెలు చేసి, లాఠీలు తిని, చివరికి మనం తెచ్చుకున్నది ఈ నాటకమా అని అరిచాను. వీధిలో పోయేవాళ్లు ఆగి చూశారు.

ఓదెలు సారు అంతా విన్నాడు. చేతికి అందేంత దూరంలో ఏముందో చూడలేదు. ఎన్నడూ లేనిది, నా మొహంలోకి చూశాడు.

"రాజలింగూ, ఆ దినం హాల్ల నీ రెండు చేతులు ఏం జేస్తున్నయి?"