బాగుపడిన ఎలుక

ఒక వైద్యుడు షుగరు జబ్బుతోనే పుట్టే ఎలుకలను పెంచేవాడు. అవి తల్లి కడుపులో పడకముందే వాటి విత్తనంలో ఒక చిన్న గీత చెరిపి, వేరొకటి గీసేవాడు. అందుకని అవి ఎంత తిన్నా ఆకలితోనే ఉండేవి. ఎంత తాగినా దాహం తీరేది కాదు.

వాటికి తిండి పెట్టడానికి ఒక ఆమె ఉండేది. ఆమె భర్త నేతగాడు. అతనికీ అదే జబ్బు. కుడికాలి బొటనవేలు నల్లబడింది. మగ్గం తొక్కాలంటే కాలు కావాలి.

"ఎలుకలకేమో గిన్నెనిండా గింజలు, నాకేమో రాగిజావా? ఆ బోనులో నాకూ కాస్త చోటడగవే," అనేవాడు.

"ముందు తోక మొలిపించుకో, అప్పుడడుగుతా," అనేది ఆమె.

వైద్యుడు ఒక కొత్త మందు కాచాడు. ఎలుకకు నయమైతే ఆ తర్వాత ఆమె భర్తకే ఇస్తానన్నాడు. ఎలుకలన్నిటికీ పోస్తే ఒక్కదానికే పట్టింది. అది సగం గింజలు తిని, మూతి తుడుచుకుని పడుకుంది. ఆ జాతిలో తిండి మిగిల్చిన ఎలుక అంతవరకూ పుట్టలేదు.

"రేపు పొద్దున దీని తోక కొసన రక్తం చూస్తాను. చక్కెర తగ్గి ఉంటే కోసి, లోపల ఏం బాగుపడిందో చూడాలి," అన్నాడు వైద్యుడు.

"నయమైనదాన్ని కోస్తారా అయ్యా?"

"నయం కానిదాన్ని కోస్తే ఏం తెలుస్తుందమ్మా?"

అతను వెళ్ళాక ఎలుక కడ్డీల మధ్య మూతి పెట్టింది.

"అమ్మా, కడుపు నిండడమంటే ఏమిటో నాకు ఇప్పుడే తెలిసింది. ఇంకొన్నాళ్ళు ఉండనివ్వు."

కొన్నాళ్ళే కదా అనుకుంది ఆమె. చక్కెర కనిపిస్తే వైద్యుడు ఆగుతాడు, మళ్ళీ మందు పోస్తాడు, మళ్ళీ చూస్తాడు. ఈలోగా మొగుడి కాలు ఎక్కడికీ పోదు. మొగుడి కంట పడకుండా దాచిన బెల్లంగడ్డలోంచి ఒక ముక్క చిదిపి, కొంగున కట్టుకుని వచ్చింది. రక్తం తీయబోయే ముందు ఎలుకకు తినిపించింది.

వైద్యుడు రక్తం చూశాడు. మందు కుండ ఎత్తి కాలువలో ఒంపేశాడు.

"ఇంకోసారి చూడండయ్యా," అంది ఆమె.

"మనుషులు అబద్ధమాడతారు గాని రక్తం అబద్ధమాడదమ్మా."

బెల్లం సంగతి చెప్తే మళ్ళీ మందు కాచేవాడు. చెప్తే ఎలుకను కోసేవాడు కూడా. ఆమె కొంగుకంటిన బెల్లం పొడి దులిపేసుకుంది. వైద్యుడు చేతులు కడుక్కుని, పనికిరాని ఎలుకను ఇంటికి తీసుకుపొమ్మని చెప్పి, వేరే మందు వెతకడానికి వెళ్ళిపోయాడు.

వానలు వెనకబట్టేసరికి భర్త కాలు మోకాలి కిందికి తీసేశారు. మగ్గం కింద కాళ్ళు పెట్టుకునే గుంటను మట్టితో పూడ్చారు. దాని మీదే మంచం వేసుకుని, ఎలుకను ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు. మందు ఆగిపోయాక ఎలుకకు ఆకలి తిరగబెట్టింది.

"పాపం, నా తోడుదొంగవిరా నువ్వు," అని దాని వీపు నిమిరాడు ఒకనాడు. తర్వాత భార్య వైపు తిరిగాడు. "అవునే, ఇన్నాళ్ళూ ఆ మహానుభావుడు వెతికాడు కదా. మా జబ్బుకు మందే దొరకలేదా?"

"దొరకలేదు," అంది ఆమె.

ఎలుక తలెత్తి నోరు తెరిచింది.

ఆమె గబుక్కున దాని నోటికి ఒక గింజ అందించింది. ఎలుక తినడం మొదలుపెట్టింది.