దొంగకు తెరిచిన కోట తలుపు

గవ్వలకోట రాజుగారికీ కొండమీది అక్కగారికీ ఉత్తరాల్లోనే కబుర్లన్నీ. మోసేవాడు సింగన్న. రాత్రి కొండమీద పడుకుని, మర్నాడు తిరిగొచ్చేవాడు. ఇంతలో కొత్త దళవాయి కాపలా పెంచాడు. లోపలికొచ్చే ప్రతివాడూ ఆనాటి ముద్రబిళ్ల చూపాలట. ఆ బిళ్ల ఇచ్చేది మాత్రం కోట లోపలే.

సింగన్నను నాలుగుసార్లు గుమ్మంలోంచే తరిమేశారు. తమ్ముడు పలకడం మానేశాడని అక్కగారు కంటతడి పెట్టడం చూశాక వాడికి మనసు ఆగలేదు. ఐదోసారి కాపలావాడితో నెమ్మదిగా, "అన్నా, రాజుగారి ఉత్తరాలు కాజేసిన దొంగను నేనే" అన్నాడు.

వెంటనే రెక్కలు విరిచికట్టి, సంచితో సహా సభలోకి లాక్కెళ్లారు. బిళ్ల ఊసు ఎవరూ ఎత్తలేదు.

దళవాయి మీసం దువ్వుతూ, "ప్రభూ, నా కాపలాలో ఒక్క దొంగా లోపలికి రాలేదు" అన్నాడు.

"నేనొచ్చాను కదా దొరా. ఉత్తరాలు తెచ్చానంటే పొమ్మన్నారు, దొంగనంటే దగ్గరుండి తీసుకొచ్చారు. ప్రభూ, రేపట్నుంచి నన్నిలాగే కట్టి తెప్పించండి. అక్కగారి కబుర్లు వేళకు అందుతాయి."

రాజుగారు తామే లేచి కట్లు విప్పారు. సంచిలోని ఉత్తరాలన్నీ చదివారు. తర్వాత జవాబు రాసి దళవాయి చేతికిచ్చారు.

"మీరే అందించి రేపు తిరిగి రండి. వచ్చేటప్పుడు రేపటి బిళ్ల చూపించాలి సుమా."