ఏటి కూర తిన్నావు?

మన నదికి ఇంకా పేరైనా పెట్టని రోజుల్లో, దాని ఒడ్డున తుంగచాపలు అల్లుకునే ఊరొకటి ఉండేది. ఆ ఊళ్ళో ఎర్నమ్మ అని ఒకావిడ. పేదది, పనిమంతురాలు. కాని ఎదుటివాళ్ళు చల్లగా ఉంటే ఆమెకు వేడి చేసేది.

ఆ ఊరికి ఏడాదికొకసారి కత్తివైద్యుడు వచ్చేవాడు. గడ్డలున్నవాళ్ళందరినీ ఒక్కరోజే కోసి, కుట్టి, పొరుగూళ్ళకి పోయేవాడు. ఆ ఏడు ఎర్నమ్మకూ, ఆమె తోడికోడలు పారమ్మకూ డొక్కలో గడ్డలు లేచాయి. ఇద్దరికీ ఒకే కత్తి, ఒకే దారం, ఒకే పసరు. మానడం ఒంటినిబట్టి ఉంటుందనీ, నెల పట్టొచ్చు, మూణ్ణెల్లు పట్టొచ్చు అనీ, వాసనొస్తే మాత్రం కబురంపమనీ చెప్పి వెళ్ళాడు.

తొమ్మిదో రోజుకే పారమ్మ లేచి తుంగమోపు ఎత్తింది. మానిపోయిందని చెప్పింది. ఇంకేముంది, ఎర్నమ్మ మంచం దగ్గరికి వచ్చినవాళ్ళంతా అదే మాట. చిన్నకోడలికి మానిందే, నీకింకా మానలేదా? అత్త అడిగింది, ఇరుగమ్మ అడిగింది, దారిన పోయే దానయ్య కూడా ఆగి మరీ అడిగాడు. కుట్టు మానలేదు, కడుపుమంట ఆరలేదు.

మొదట పసరు మీద అనుమానం వచ్చింది. మంచిది దానికిచ్చి, అడుగు మడ్డి తనకిచ్చాడనుకుంది. పారమ్మ లేనప్పుడు ఆమె ముంతలోది తెచ్చి రాసుకుంది. కుట్టు మానలేదు, కడుపుమంట ఆరలేదు.

తరవాత తిండి మీద వచ్చింది. పారమ్మ ఏం తింటే అదే తింది. ఆమె చింతచిగురు నమిలితే తనూ నమిలింది. పళ్ళు పులిశాయి గాని, కుట్టు మానలేదు, కడుపుమంట ఆరలేదు.

మూడోసారి ఇక తట్టుకోలేకపోయింది. ఆ మానిన మచ్చేదో కళ్ళారా చూసి తీరాలనుకుంది. మధ్యాహ్నం పారమ్మ కునుకు తీస్తుంటే, డొక్క పట్టుకుని మెల్లగా వెళ్ళి, ఆమె కొంగు పక్కకు తీసింది.

మచ్చ లేదు. తడిసిన కట్టు ఉంది, వాసన ఉంది. కుట్ల చుట్టూ నల్లబడింది. చెయ్యి వేస్తే ఒళ్ళు పెనంలా కాలుతోంది.

ఎర్నమ్మకి ముందు సంతోషం వేసింది. అబద్ధమెందుకు, వేసింది. ఆ వెంటనే తన మీద తనకే రోత పుట్టింది.

పారమ్మ కళ్ళు తెరిచింది.

"మానిపోనాదన్నావు గదే?" అంది ఎర్నమ్మ.

"అందరూ అడుగుతుంటే సిగ్గేసి అనీసినానప్పా. అన్నాక మాట మార్చనేకపోనాను. నువ్వు మాననేదని సెప్పి పడుకుంటే, నిన్ను సూసి ఎంత కుళ్ళుకున్నానో."

ఎర్నమ్మ ఆమె కొంగు సర్ది బయటికొచ్చింది. వైద్యుడున్న ఊరికి మనిషిని పరిగెత్తించింది. వైద్యుడు వచ్చి కుట్లు విప్పి, చీము కడిగి, మళ్ళీ కట్టు కట్టాడు. ఇంకొక్క రోజు ఆగి ఉంటే పిల్ల దక్కేది కాదన్నాడు.

ఆ రోజే ఎర్నమ్మ తన మంచం ఈడ్పించి గుమ్మానికి అడ్డంగా వేయించుకుంది. ఎవరొచ్చినా ఆపేది.

"మానిందా అని అడిగితే అట్నించటే పో. ఏటి కూర తిన్నావని అడిగితే నోపలికి రా."

ఇద్దరికీ మానేసరికి మూణ్ణెల్లు పట్టింది. పారమ్మకే ముందు మానింది, చూశారా. ఎర్నమ్మ మళ్ళీ కుళ్ళుకుంది. కాని ఈసారి నోరు మూసుకుని, ఆమెకు తలంటి పోస్తూ కుళ్ళుకుంది.

బతికినన్నాళ్ళూ, ఊళ్ళో ఎవరి ఒంటి మీద కత్తి పడినా ఎర్నమ్మ వెళ్ళి వాళ్ళ గుమ్మంలో కూర్చునేది. ఆమె పోయి ఎన్ని తరాలయిందో ఎవరికీ తెలీదు. ఇప్పటికీ ఆ ఊళ్ళో కోతపడినవాళ్ళని మానిందా అని ఎవరూ అడగరు. ఎవరైనా నోరు జారబోతే, గుమ్మంలో ఎర్నమ్మ ఉందని పెద్దవాళ్ళు గదమాయిస్తారు. ఏటి కూర తిన్నావనే అడుగుతారు. మంచం మీదివాళ్ళు కూర పేరు చెప్తారు. కాసేపాగి, ఎవరూ అడక్కుండానే, ఇంకా మానలేదని చెప్పి కట్టు చూపిస్తారు.